మహారాజశ్రీ పేస్ గారి సముఖానికి

మహారాజశ్రీ పేస్ గారికి, తిరుపతి నుంచి మీ బాధితుడు నమస్కరించి రాసుకునేది. ఉభయకుశలోపరి. నా చేతి వాచీలో నడక జోరు చెప్పే అంకెగా మీరు కులాసాగానే ఉన్నారు. నా పరువే బాగాలేదు.

మీరు కొత్తగా వచ్చిన వారం ఎంత సంబరపడ్డానో మీకు తెలుసు. ఎస్వీ యూనివర్సిటీలో పొద్దున నడక మొదలుపెట్టిన రోజు 12 చూపించారు. గురువారానికి 14. ఆదివారం ఏకంగా 15! ఇడ్లీల ముందు కూర్చుని బామ్మర్ది మొహం మీదికి వాచీ పెట్టి, "చూడ్రా, వారంలో 12 నుంచి 15కి పొయినా" అన్నాను. వాడు లెక్కల అయ్యవారు. చట్నీ అద్దుకుంటూ తాపీగా చెప్పాడు: "బావా, అది గంటకు కిలోమీటర్లు కాదు, కిలోమీటరుకు నిమిషాలు. నువ్వు గంటకు 5 నుంచి 4కి దిగినావు."

మా ఆవిడ వడ్డించబోయిన ఇడ్లీని తిరిగి గిన్నెలో పెట్టేసింది.

జీతం, మార్కులు, బంగారం బరువు... పెరిగితే సంతోషించాలని పెంచారు మమ్మల్ని. మీరేమో షుగరు జాతి, తగ్గితేనే మంచి రిపోర్టు. ఆ సంగతి ముందే చెప్పకూడదా? జిమ్‌లో ట్రెడ్‌మిల్ మీద గంటకు 8 పెట్టి పరిగెత్తితే మీరు ఏడున్నర అంటారు. రెండూ ఒకే పరుగట. 60ని ఒకదానితో భాగిస్తే రెండోది వస్తుందట. ఇంత చిన్న భాగహారం నేర్చుకోవడానికి నాకు ఒక ఇడ్లీ ఖర్చయింది.

ఒక్క చోట మాత్రం మీ వైపే నిలబడ్డాను. రెండు కిలోమీటర్లు గంటకు 6 చొప్పున పోయి, అదే దారిలో 4 చొప్పున తిరిగొచ్చాం. సగటు 5 అని పక్కింటాయన టీ పందెం కాశాడు. పోవడానికి 20 నిమిషాలు, రావడానికి 30. నాలుగు కిలోమీటర్లకు 50 నిమిషాలంటే గంటకు 4.8! మీ లెక్కలో అయితే పోయేటప్పటి 10, వచ్చేటప్పటి 15 కలిపి సగం చేస్తే పన్నెండున్నర, తకరారే లేదు. ఆయన మీద తాగిన టీ రుచే వేరు.

అన్నట్టు మా ఊళ్లో మీ పద్ధతి కొత్తదేమీ కాదు. ఎంత దూరం అని అడిగితే పది నిమిషాల నడక అంటారు తప్ప కిలోమీటర్లు చెప్పేవాళ్లు తక్కువ. తిరుమల ఘాట్‌లో దిగే బండ్లకు కూడా 40 నిమిషాల నియమం పెట్టారు. అంతకన్నా ముందే కిందికొచ్చారంటే ఫైను. స్పీడోమీటరుకు అలవాటుపడ్డ డ్రైవర్లను సైతం ఆ కొండ నిమిషాల్లోకి లాగింది.

ఇక అసలు ఫిర్యాదు. మొన్న అలిపిరి నుంచి కాలినడకన బయలుదేరాను. మొత్తం 3,550 మెట్లు. గాలిగోపురం ఇంకా కనబడనే లేదు, మీరు 38 అన్నారు, తర్వాత 43. ఊపిరి పెదాల దాకా వచ్చిన మనిషితో అనే మాటా అది? మీకు దూరమంటే పటం మీద గీత. నేను మోకాళ్లతో ఎక్కిన ఎత్తు మీ ఖాతాలో జమ కాదు. పైకప్పు కింద నడుస్తుంటే ఆ గీత కూడా మీకు సరిగా దొరకదు. అంకె మాత్రం జడ్జి తీర్పులా పడుతుంది.

పక్కనే ఒక అవ్వ ప్రతి మెట్టుకూ పసుపు, కుంకుమ పెడుతూ వస్తోంది. "ఏంది నాయనా, మాటిమాటికీ చెయ్యి చూసుకుంటాండావు?" అంది.

"పేస్ అవ్వా. కిలోమీటరుకు ఎన్ని నిమిషాలు పడతాదో చెప్తాది."

"నాకైతే మెట్టుకు చిటికెడు పడతాది" అని పై మెట్టు మీదికి వంగింది.

ఆ చిటికెడును నిమిషాల్లోకి మార్చి, మీ వీలు చూసుకుని జవాబు రాయగలరు.

ఇట్లు,
మీ విధేయుడు,
గంటకు నాలుగు