గోల్డెన్ అవర్‌కు గడువు పెంచండి

ఎల్‌ఆర్‌ఎస్‌కు గడువు పెంచారు. ట్రాఫిక్ చలాన్ల రాయితీకి పెంచారు. పాన్‌కు ఆధార్ లింకు చేసుకోవడానికి ఎన్నిసార్లు పెంచారో నాకు గుర్తు కూడా లేదు. ఇంత దయగల దేశంలో రోడ్డు మీద నెత్తురోడుతున్నవాడికి మాత్రం ఒక్క గంటేనా? 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం దెబ్బ తగిలాక ప్రాణం కాపాడే అవకాశం ఎక్కువగా ఉండే మొదటి గంటే గోల్డెన్ అవర్ అని రాసిపెట్టింది. దాన్ని మూడు గంటలకు పెంచాలని సవినయంగా మనవి చేస్తున్నాను.

మన పనులకు గంట ఎక్కడ సరిపోతుంది? హైవే మీద బైకు పడిందనుకోండి. ముందు తప్పెవరిదో తేలాలి. లారీదే, అది పెద్ద బండి కదా. తర్వాత వీడియోలు. పడినవాడి ముఖం సరిగ్గా రాకపోతే మళ్లీ తీయాలి. "ముట్టుకోకుండ్రి, పోలీస్ కేసైతది" అని ఒక పెద్దమనిషి హెచ్చరిస్తాడు. సాయం చేసినవాళ్లను కేసుల నుంచి కాపాడే 134ఎ సెక్షన్ అదే చట్టంలో ఉంది గానీ, ఆయన దాకా ఇంకా చేరలేదు. 108 సర్వీసు 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లోనే పుట్టింది. నంబరు అందరికీ నోటికొచ్చు. అందుకే పక్కవాడు చేసే ఉంటాడని అందరూ ఊరుకుంటారు. ఈలోగా ఒకరు నోట్లో నీళ్లు పోస్తారు, నలుగురు కాళ్లూ చేతులూ పట్టి ఆటోలో వేస్తారు. మెడ ఎవరి వాటాకూ రాదు.

ఇక ఊరేగింపు. మొదటి ఆసుపత్రిలో స్కానింగ్ లేదు. రెండోచోట న్యూరో డాక్టర్ లేడు. మూడోచోట బెడ్ లేదు, "పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి" అన్న సలహా మాత్రం ఉంది.

నా కోరికకు శాస్త్రం అడ్డు రాదు. ఈ గోల్డెన్ అవర్ మాటను ప్రచారంలోకి తెచ్చింది అమెరికాలోని బాల్టిమోర్ సర్జన్ ఆర్. ఆడమ్స్ కౌలీ. సరిగ్గా అరవై నిమిషాల దగ్గరే గీత గీయడానికి గట్టి ఆధారం దొరకలేదని 2001లో పరిశోధకులే రాశారు. లోపల రక్తం కారిపోతున్నవాడికి గంట కాదు, ప్రతి నిమిషమూ లెక్కేనని డాక్టర్లు అంటారు. అది నా వాదనకు పనికిరాదు కాబట్టి వదిలేస్తున్నాను.

ఒక్కటే చిక్కు. రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్‌ను మూడు గంటలలోపే ఇవ్వాలట. ఆ తర్వాత ఇస్తే మేలు కన్నా కీడే ఎక్కువని 2010 నాటి పెద్ద అధ్యయనంలో కనిపించింది. ఆ మందుకు కూడా ఒక జీవో ఇచ్చేస్తే సరిపోతుంది. ఒంట్లో ఉండే ఐదు లీటర్ల రక్తానికి జీవో ఎవరు చదివి వినిపిస్తారన్నది కమిటీ చూసుకుంటుంది.

ఈ వినతిపత్రం పట్టుకుని సోమవారం ప్రజావాణికి బయలుదేరాను. ఘోరమైన ట్రాఫిక్. అదృష్టం కొద్దీ వెనక నుంచి అంబులెన్స్ వచ్చింది. దారి ఇవ్వకపోతే 10,000 జరిమానా కదా, మర్యాదగా పక్కకు జరిగాను. అది దాటగానే దాని వెనకే దూరాను. నా వెనక ఇంకో పది బళ్లు. కలెక్టరేట్‌కు అరగంట ముందే చేరాం.