క్విజ్లింగ్ అనే మాటకు విశాఖ నుంచి ఓ అర్జీ

గౌరవనీయులైన క్విజ్లింగ్ గారికి,

ఎంవీపీ కాలనీ నుంచి ఒక అపార్ట్‌మెంట్ వాసి నమస్కరించి రాయునది.

ఇంగ్లీషులో 'దేశద్రోహి' అనే అర్థం మోస్తున్న మాట కదా మీరు, అర్జెంటుగా మా ఊరు రావాలి. ఇక్కడ 'దేశద్రోహి' ఒక్కడే పొద్దున్న వాట్సాప్ తెరిచింది మొదలు అర్ధరాత్రి దాకా డ్యూటీ చేసి నీరసించిపోయాడు. వినాయకుడి పందిరి దగ్గర మైకు పదింటికి ఆపమన్నాడో కుర్రాడు. ద్రోహి. బీచ్ రోడ్డులో సబ్‌మెరైన్ పక్కన మురీ మిక్చర్ తింటూ "ఆస్ట్రేలియా బాగా ఆడింది గురూ" అన్నాడు ఇంకొకాయన. పొట్లం సగం ఖాళీ అయ్యేలోపే ఆయన పౌరసత్వం మొత్తం ఖర్చయిపోయింది.

మీ జాతకం చూశాను. మాలో చాలామందికి లాగే మీదీ ఊరి పేరు మీద పుట్టిన ఇంటిపేరేనట. డెన్మార్క్‌లో క్విస్లెమార్క్ అనే పల్లె. పూర్వీకుడెవరో దానికి కాస్త లాటిన్ సోకు చేసి తగిలించుకున్నాడు. విడ్కున్ క్విజ్లింగ్ చేతిలో పడేదాకా మంచి ఇంటిపేరే! ఆయనా తక్కువవాడు కాదు. సైన్యంలో మేజరు, నార్వే అన్వేషకుడు నాన్సెన్ వెంట రష్యా కరువులో సాయం చేసినవాడు, నార్వే రక్షణమంత్రి. మాస్కోలో తమ పనులు చక్కబెట్టాడని బ్రిటిష్ వాళ్లు బిరుదు కూడా ఇచ్చారు, 1940లో మళ్లీ లాగేసుకున్నారనుకోండి. ఆ ఏడాది ఏప్రిల్ 9న, హిట్లర్ సేన నార్వేలో దిగిన రోజునే, రేడియోలో "ఇక ప్రభుత్వం నాదే" అని ప్రకటించుకున్నాడు. ఆ ముచ్చట వారం కూడా నిలవలేదు, జర్మన్లే పక్కకి తప్పించారు. ఆ నెల తిరక్కుండానే లండన్ 'టైమ్స్' పత్రిక మిమ్మల్ని శత్రువుతో చేతులు కలిపిన ప్రతివాడికీ వాడే మాటగా మార్చేసింది. 1942 ఫిబ్రవరిలో ఆయన మళ్లీ గద్దెనెక్కాడు. ఆ ఏప్రిల్ 6నే మా ఊరి మీద జపాన్ బాంబులు పడ్డాయి. కాబట్టి మనం మరీ పరాయివాళ్లం కాదు.

ఈ పనికి మా దగ్గర విభీషణుడు ఉన్నాడు గానీ, ఆయనతో చిక్కు. లంకవాళ్లకి ద్రోహి, మనకి భక్తుడు. ఏ ఒడ్డున నిలబడి తిడుతున్నామో ముందు తేల్చుకోవాలి. అంత టైమ్ ఎవరికుంది?

మీతో ఒక్కటే టెన్షన్: మీ దగ్గర పద్ధతులు ఎక్కువ. విడ్కున్ మీద విచారణ పెట్టారు, సాక్షుల్ని పిలిచారు. దేశద్రోహం, హత్యలతో పాటు దొంగతనం కూడా రుజువు చేశారు. సుప్రీంకోర్టుకి వెళ్లనిచ్చారు. అదంతా అయ్యాకే 1945 అక్టోబర్ 24న ఓస్లోలోని ఆకెర్స్‌హుస్ కోటలో కాల్చారు. ఇంత తతంగానికి మా అసోసియేషన్ పెద్దలకు ఓపిక లేదండీ. ఫార్వర్డ్ రావాలి, తీర్పు పడాలి, ఈలోగా కాఫీ చల్లారకూడదు.

జీతం లేదు, సెలవుల్లేవు. మీ పేరు విని ఎవరైనా "క్విజ్జా, ప్రైజేంటి?" అని అడిగితే ఏమీ అనుకోకండి.

ఇట్లు,
లిఫ్టు రిపేరు డబ్బులకు లెక్క అడిగి, గ్రూపులో తీర్పు కోసం ఎదురుచూస్తున్న
ఓ ఫ్లాట్ యజమాని