ఇంకా లేతగానే ఉందండీ!

ఇంట్లో బీరు కాచుకునే హక్కు అమెరికా పౌరులకు ఊరికే దక్కలేదు. 1978 అక్టోబరులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం పెద్దవారు ఒక్కరే ఉన్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరూ అంతకు మించీ ఉన్న ఇంటికి 200 గ్యాలన్లు పన్ను లేకుండా కాచుకోవచ్చునంది. అలబామా, మిసిసిపీ రాష్ట్రాలైతే 2013 దాకా బిగుసుకునే కూర్చున్నాయి. అయితే ఎంత కాచవచ్చో లెక్కగట్టిన చట్టసభ ఎప్పటిలోగా తాగెయ్యాలో చెప్పడం మరిచిపోయింది. ఈ లొసుగును ఆసరా చేసుకుని ఇంపీరియల్ స్టౌట్ అనే ఘాటైన నల్ల బీరు కాచేవారు తాగడమనే పనినే నిరవధికంగా వాయిదా వేస్తున్నారు.

వారి పక్షాన శాస్త్రం కొంత ఉందని ఒప్పుకోవాలి. 18వ శతాబ్దంలో లండన్‌లో తయారై రష్యా సామ్రాజ్ఞి కేథరిన్ దర్బారు దాకా వెళ్ళిన ఈ నల్ల బీరులో ఆల్కహాలు సాధారణంగా 8 నుంచి 12 శాతం ఉంటుంది. మాడేదాకా వేయించిన బార్లీ చేదూ, గొంతులో మంట పుట్టించే ఘాటూ చల్లని చీకటి గదిలో కొన్ని నెలలుంటే నెమ్మదిస్తాయి, ఎండు ద్రాక్షనూ షెర్రీ వైన్‌నూ తలపించే వాసనలు పైకి వస్తాయి. రసాయనశాస్త్రం ఇక్కడితో ముగుస్తుంది. ఆపైన నడిచేదంతా వకీళ్ళ వాదనే.

బీరు చేదుగా ఉంటే “ఇంకా లేతగానే ఉందండీ” అంటారు. సీసాలో వేసిన పంచదారను, బీరును పులియబెట్టే ఈస్టు ముట్టక నురుగు రాకపోతే, పాపం అది నిద్రలో ఉందంటారు. మూత కింద మిగిలిన గాలి వల్ల తడిసిన అట్టపెట్టె రుచి వస్తే అది వయసు తెచ్చిన హుందాతనం. చచ్చిన ఈస్టు చివికి సోయాసాస్ వాసన కొడితే లోతు. పంచదార మోతాదు మించి అర్ధరాత్రి సీసా పేలిపోయినా, బీరు సజీవంగా ఉందనడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలని ఎదురు ప్రశ్న వేస్తారు. ఇంటి బీరును అమ్మడం నిషిద్ధం గనుక డబ్బిచ్చి కొని తిట్టే హక్కున్నవాడు ఎవడూ లేడు. ఫిర్యాది లేని కేసులో తీర్పెవరు అడుగుతారు?

న్యూజెర్సీలో ఇలాంటి ఒక తెలుగు అల్లుడుగారి బేస్‌మెంటును ఉదాహరణగా తీసుకుందాం. అయిదు గ్యాలన్లు కాచితే దాదాపు యాభై సీసాలు వస్తాయి. అన్నీ వెలుతురు సోకని గోధుమరంగువి, అన్నీ నిటారుగా నిలబెట్టినవి, అన్నింటి మీదా తేదీలు. మూతల మీద ఎర్రని మైనం కూడా పోశారు. దానివల్ల బీరుకు ఒరిగేది అంతంతమాత్రమే గాని, తెరవాలనుకున్నవాడు చాకు కోసం వంటింటికి వెళ్ళిరావాలి, ఆ లోపు మనసు మారే అవకాశం ఉంది. ఆరు నెలలుండడానికి వచ్చిన మామగారు ఒక సాయంత్రం, “ఏం అల్లుడుగారూ, ఇవి ఎప్పుడు తీస్తారు?” అని మర్యాదగానే అడిగారు. “క్రిస్మస్‌కు తీద్దాం మామయ్యగారూ” అని జవాబు. ఆయన గడువు అక్టోబరుతో ముగుస్తుంది. ఇది కేవలం కాకతాళీయమని నమ్మడానికి ఈ వ్యాసకర్త సిద్ధంగానే ఉన్నాడు.

కాబట్టి చట్టానికి ఒక సవరణ అవసరం. కాచిన ప్రతి విడతలోనూ మూడు నెలలకొక సీసా ఇద్దరు సాక్షుల ఎదుట తెరవాలి. వారిలో ఒకరైనా బీరు కాచే అలవాటు లేనివారై ఉండాలి, గ్లాసు చేతికిచ్చే ముందు వారికి ఎలాంటి ఉపోద్ఘాతమూ వినిపించరాదు. బాగుందని ఇద్దరూ ఒప్పుకున్న రోజున ఆ విడత వయసు నిండినట్టే లెక్క, ఇక దాచడం నేరం. రెండేళ్ళు దాటినవాటిని ఇంటి ఇల్లాలు జప్తు చేసి మాంసం కూరలో పోయవచ్చు. చివరి సీసా విషయంలో మాత్రం మెతకదనం పనికిరాదు. ఒక్కటే మిగిలిందంటే దాన్ని ఎవరూ ఎన్నటికీ తెరవరు గనుక, ఏ విడతలోనైనా చివరి సీసానే అన్నింటికన్నా ముందు తాగెయ్యాలి.