ఎం-సీల్ ఇవ్వను సామీ

పొద్దున మా పైపుల షాపు షట్టర్ ఎత్తి ఊదుబత్తి వెలిగిస్తున్నా. ఒక పెద్దాయన మెట్ల దగ్గర నిలబడి "సామీ, ఎం-సీల్ ఒకటి ఇవ్వు" అన్నాడు. లీకు మీద పెడితే రాయిలా గట్టిపడే ముద్ద అది. బోణీ బేరం. ఇచ్చేసి ఉంటే ఐదు నిమిషాల్లో మర్చిపోయేవాణ్ణి. నా నోరు ఊరుకోదు కదా, ఎక్కడ కారుతోందని అడిగాను.

"గీజర్ కింద చిన్న వాల్వు ఉండాది సూడు, దానికి. నీళ్ళు కాగేటప్పుడల్లా చుక్కలు చుక్కలు కారతా ఉండాది. దాని నోరు మూసేస్తే సరిపోతాదని ప్లంబరు సెప్పినాడు."

ఇవ్వనన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి ఎదురు షాపుకు పోయాడు. వాళ్ళు మారు మాట లేకుండా ఇచ్చారు. నా కళ్ళముందే జేబులో వేసుకుని మోపెడ్ ఎక్కి వెళ్ళిపోయాడు. బేరం పోతే పోయింది, కోపం మాత్రం మధ్యాహ్నం భోజనం దాకా దిగలేదు. అందుకే ఇది రాస్తున్నా. పెద్ద పోస్టే, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

ఆ చుక్కలు ఎందుకు కారతాయో ముందు చెప్తా. నీళ్ళు వేడెక్కితే ఉబ్బుతాయి. 25 లీటర్ల గీజర్‌లో నీళ్ళను 25 డిగ్రీల నుంచి 65 డిగ్రీలకు కాచితే దాదాపు 400 మిల్లీలీటర్లు ఎక్కువవుతాయి. నాలుగు టీ గ్లాసులు అనుకోండి. కుళాయిలన్నీ కట్టేసి ఉన్నాయి. వచ్చిన దారిన వెనక్కి పోదామంటే పెద్దాయన చెప్పిన ఆ చిన్న వాల్వే పోనివ్వదు, దాన్నే సేఫ్టీ వాల్వు అంటారు, వేడి నీళ్ళు చన్నీళ్ళ పైపులోకి రాకుండా ఆపడం కూడా దాని పనే. మిద్దె మీద ట్యాంకు పది మీటర్ల ఎత్తులో ఉంటే కుళాయి దగ్గర ఒత్తిడి ఒక బార్. ఆ వాల్వు చాలా గీజర్లలో 8 బార్ దగ్గర తెరుచుకుంటుంది. అంటే లోపల ఎంత బిగుసుకుంటే ఆ నాలుగు చుక్కలు బయటికి వస్తాయో ఆలోచించండి. ఆ నోట్లో ఎం-సీల్ కుక్కితే ఒత్తిడి ట్యాంకు అతుకుల మీద పడుతుంది. వేడి చాలనగానే కరెంటు ఆపే థర్మోస్టాట్, అది ఆపకపోతే ఆపే కటౌట్, రెండూ మొరాయించిన రోజు అది మీ తల మీద వేలాడే బాంబు. నీళ్ళు చల్లగా ఉన్నప్పుడు కూడా ఆగకుండా కారుతుంటే వాల్వు పాడైనట్టు, లేదా మీరు పెట్టిన ప్రెషర్ పంపు ఎక్కువైనట్టు. అప్పుడు వాల్వు మార్చండి. కాగేటప్పుడు కారితే సన్న ట్యూబు తగిలించి నేల జాలీ దాకా వదలండి. అంతే. దీనికి ప్లంబర్ కూడా అక్కర్లేదు.

తిరుపతిలో 22 ఏళ్ళుగా పైపులు, కుళాయిలు, గీజర్లు అమ్ముకుంటున్నా. ఇన్నేళ్ళలో నాకు అర్థమైంది ఒకటే. నీళ్ళు తెప్పించుకోవడం మనకు బాగా తెలుసు. వెయ్యి అడుగులైనా బోరు వేస్తాం, రాత్రి రెండింటికి లేచి మోటారు వేస్తాం. నీళ్ళు ఆపడం కూడా తెలుసు, టెఫ్లాన్ టేపు, ఎం-సీల్, ఏదీ దొరక్కపోతే సైకిల్ ట్యూబు ముక్క. నీళ్ళను వదలడం మాత్రం మనకు తెలియదు. అది పనుల లెక్కలోకే రాదు.

నాకూ తెలియదు. నాకు నేర్పింది అమెరికాలో ఉండే మా మేనల్లుడు, అదీ వాడి సొమ్ము తగలేసుకుని.

వాడు మిన్నెసోటాలో ఉంటాడు. అక్కడ చలికాలంలో సున్నాకు కింద 25, 30 డిగ్రీల దాకా పోయే రోజులుంటాయి. జనవరిలో రాత్రి 18 డిగ్రీలైతే మనం ఇక్కడ మంకీ క్యాప్ తీయం. వాడు ఒక సెకండ్ హ్యాండ్ ట్రైలర్ కొన్నాడు. కారు వెనక తగిలించి లాక్కుపోయే ఇల్లు. మంచం, స్టవ్వు, సింకు, బాత్రూం అన్నీ అందులోనే. గీజరూ ఉంది, ఆరు గ్యాలన్లది, అంటే 23 లీటర్లు, గ్యాసుతోనూ కరెంటుతోనూ నడుస్తుంది. వేసవి అంతా చెరువుల పక్కన తిరిగి, చలికాలం రాగానే ఇంటి పక్కన నిలబెట్టేశాడు. మంచినీళ్ళ ట్యాంకు ఖాళీ చేశాడట. "పైపుల్లో ఎంత ఉంటాయిలే మామా అనుకున్నా" అన్నాడు తర్వాత.

నీళ్ళు గడ్డకడితే చోటు దాదాపు తొమ్మిది శాతం ఎక్కువ కావాలి. చాలాసార్లు గడ్డ కట్టిన చోటే పగలదు. ఆ గడ్డకూ మూసిన కుళాయికీ మధ్య ఇరుక్కున్న నీళ్ళు నలిగి, బలహీనంగా ఉన్న చోట చీల్చుకుని వస్తాయి. ఏప్రిల్‌లో వాడు గార్డెన్ పైపు తగిలించి నీళ్ళు వదిలితే సింకు కింద ఒకటి, కమోడ్ వెనక ఒకటి, పంపు దగ్గర ఒకటి, మూడు చోట్ల చిమ్మాయట. ప్లాస్టిక్ పైపు సాగి తట్టుకుంది. ఫిట్టింగులు, వాల్వులు పగిలాయి. గీజర్ ట్యాంకు కూడా చీలింది. ఎలుకలు కొరికాయేమో అని ఫోన్ చేశాడు నాకు. ఎలుకలంట!

మరుసటి అక్టోబర్‌లో వీడియో కాల్ చేశాడు. మనకు రాత్రి ఏడున్నర, వాడికి పొద్దున తొమ్మిది. "మామా, నువ్వు చూస్తా ఉండు, నేను చేస్తా. తప్పు చేస్తే చెప్పు." షాపు కట్టే వేళ. స్టూలు వేసుకుని కూర్చున్నా. నాకు ట్రైలర్ గురించి ఏం తెలుసు? పైపు పైపే కదా అని ధైర్యం.

వాడు నేరుగా గీజర్ ప్లగ్గుకు స్పానర్ వేశాడు. నేను అరిచిన అరుపుకు పక్క బట్టల షాపాయన బయటికొచ్చాడు. గీజర్ ఆపి ఎంతసేపైందిరా అంటే "ఇప్పుడే" అన్నాడు. లోపల కాగే నీళ్ళు, ఒత్తిడి మీద ఉన్నాయి. ఆ ప్లగ్గు ఊడితే మొహం మీదికే. గ్యాసు, కరెంటు రెండూ ఆపి, పూర్తిగా చల్లారనిచ్చి, వేడి నీళ్ళ కుళాయి తిప్పి ఒత్తిడి వదిలి, అప్పుడు ప్లగ్గు ముట్టుకోవాలి. వాడి చేత రెండు గంటలు ఆగించాను. ఆ రాత్రి షాపు కట్టేసరికి పది.

ప్లగ్గు తీశాక బుడబుడమని నీళ్ళు, వాటితోపాటు తెల్లటి పెచ్చులు. ఆ ట్రైలర్ కింద పైపులు అన్నింటికంటే దిగువకు వచ్చే చోట రెండు చిన్న మూతలుంటాయి, అవి తీస్తే మిగిలిన నీళ్ళు కారిపోతాయి. మురికినీళ్ళ ట్యాంకులు అంతకుముందే ఖాళీ చేసి వచ్చాడు. ఆ తర్వాత వాడు గులాబీ రంగు మందు డబ్బా తీశాడు. నీళ్ళలా గడ్డకట్టి పైపును పగలగొట్టదు. కార్లో పోసే కూలెంట్ పోయకూడదా అన్నాను. దాంట్లో మామూలుగా ఉండేది ఇథిలీన్ గ్లైకాల్, విషం. ఈ గులాబీ దాంట్లో ఉండేది ప్రొపిలీన్ గ్లైకాల్, తాగునీటి పైపుల కోసమే చేసింది. ఇక్కడ వాడే నాకు గురువు.

ఇంకో తెలివైన పని చేశారు అక్కడివాళ్ళు. గీజర్ వెనక బైపాస్ వాల్వులు పెట్టారు. అవి తిప్పితే మందు గీజర్‌లోకి పోకుండా పక్కనుంచి వేడి పైపులోకి పోతుంది. లేకపోతే ఖాళీ గీజర్ నింపడానికే ఆరు గ్యాలన్ల మందు తగలబడుతుంది. బైపాస్ ఉంటే మొత్తానికి రెండు మూడు గ్యాలన్లు చాలు. పంపు గొట్టం డబ్బాలో ముంచి, ఒక్కో కుళాయి తిప్పాడు. ముందు చన్నీళ్ళది, తర్వాత వేడిది. కాసేపు గాలి, కాసేపు నీళ్ళు, ఆపైన చిక్కటి రోజ్ మిల్క్. మా ఆవిడ వెనకనుంచి చూసి "గ్లాసులో పట్టుకో నాయనా, ఐసు వేసుకుని తాగుదువు" అంది. కమోడ్ ఫ్లష్, బయట కాళ్ళు కడుక్కునే షవర్, ఏదీ వదల్లేదు. చివరికి సింకు కింద వంపులో కూడా ఒక గ్లాసు పోశాడు. గాలి కంప్రెసర్‌తో ఊదేవాళ్ళూ ఉన్నారట. 50 పీఎస్‌ఐ, అంటే దాదాపు మూడున్నర బార్ దాటితే జాయింట్లకే ముప్పు, ఆ పని వద్దన్నాను.

ఇంత చెప్పింది ఎందుకంటే, గీజర్ ప్లగ్గుతో పాటు బయటికొచ్చిన ఒక వస్తువు కోసం. చీలిన దాని బదులు వాడు వేయించింది కూడా పాత బండిలోంచి తీసిన గీజరే. దాని ప్లగ్గుకు ఒక కడ్డీ ఉంది. నమిలి పారేసిన మునక్కాయలా పీచులు పీచులుగా, మధ్యలో సన్న తీగ మాత్రం మిగిలి ఉంది. "ఇదేంది మామా, తుప్పా?" అన్నాడు. అది మెగ్నీషియం కడ్డీ. ఇనుము కంటే ముందు అది కరిగిపోతుంది. నీళ్ళు ట్యాంకును తినకుండా తనను తినమని పెట్టింది. ముప్పాతిక వంతు అరిగిందంటే మార్చేయాలి. చలికాలానికి ట్రైలర్ నిలబెట్టేటప్పుడు నీళ్ళు ఖాళీ చేస్తారు కాబట్టి వాళ్ళకు ఏడాదికోసారి ఆ కడ్డీ కళ్ళబడుతుంది.

మరి మన గీజర్లలో? అదే కడ్డీ ఉంది. స్టోరేజ్ గీజర్ విప్పితే చాలావాటిలో ఎలిమెంట్ పక్కనే ఉంటుంది. మర్నాటి నుంచి షాపుకు వచ్చిన ప్రతివాణ్ణీ అడిగాను, కడ్డీ ఎప్పుడు మార్చారని. "ఏం కడ్డీ?" అన్నవాళ్ళే అందరూ. ఇద్దరు ప్లంబర్లు కూడా. మన బోరు నీళ్ళకు అది ఇంకా త్వరగా పోతుంది. తాగునీటి కాఠిన్యం, అంటే నీళ్ళలో కరిగి ఉండే సున్నం లాంటి ఖనిజాలు, లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకపోతే మంచిదని, వేరే గతి లేకపోతే 600 దాకా సరేనని మన ప్రమాణం. కల్యాణి డ్యాం నీళ్ళతో వంట చేసి, బోరు నీళ్ళతో చేసి, ఇడ్లీ పాత్ర అడుగు చూడండి, తేడా తెలుస్తుంది. ఆ తెల్లటి పొరే ఎలిమెంట్ మీదా కూర్చుంటుంది. కరెంటు కాలుతుంది, నీళ్ళు కాగవు. గీజర్ కంపెనీని తిట్టుకుంటూ నా దగ్గర కొత్త ఎలిమెంట్ కొంటారు. నాకు లాభమే, చెప్పకూడదు.

ఇక నా సంగతి. మా చెల్లెలు, బావ పోయిన జనవరిలో కోడలి కాన్పుకు మిన్నెసోటా వెళ్ళారు. చంద్రగిరిలో ఇల్లు. బీగం చెవులు నాకిచ్చారు. ఆరు నెలలు నేను రెండుసార్లు పోయాను, రెండుసార్లూ మామిడికాయలకే. జులైలో వాళ్ళు వస్తున్నారంటే ముందురోజు శుభ్రం చేయిద్దామని తలుపు తీశాను. బాత్రూం లోంచి డ్రైనేజీ కంపు, బొద్దింకలు. నేల జాలీ కింద వంపులో నిలిచే నీళ్ళే ఆ కంపును ఆపేది. ఎండలకు అవి ఆవిరైపోయాయి. అక్కడ వాడి వంపులో నీళ్ళు గడ్డకడతాయి, ఇక్కడ ఎగిరిపోతాయి. వెళ్ళేముందు వంపు నింపి రెండు స్పూన్ల నూనె పోసి ఉంటే నీళ్ళు అంత తొందరగా ఆరిపోయేవి కాదు. ఇది నాకు తెలుసు. పోయలేదు.

గీజర్ కుళాయి తిప్పితే ఇటుక రంగు నీళ్ళు, కుళ్ళిన గుడ్డు వాసన. కింద గోడ మీద తుప్పు చార. ట్యాంకు చిల్లు పడింది. ఏడేళ్ళ కిందట ఆ గీజర్ అమ్మింది నేనే. కడ్డీ గురించి ఒక్క ముక్క చెప్పలేదు, నాకే పట్టలేదు కాబట్టి. మేనల్లుడికి చెప్తే "అప్పుడు నా మీద అరిచినావు కదా మామా" అన్నాడు. కొత్తది నా డబ్బుతో పెట్టించాను. చెల్లెలికి మాత్రం ఎవరూ చెప్పొద్దు, ఆమె ఫేస్‌బుక్ చూడదు.

పది రోజుల ఊరికి స్విచ్ ఆపితే చాలు. నెలల తరబడి పోయేవాళ్ళకే ఇది. బోర్డులో గీజర్ కరెంటు ఆపే ఎంసీబీ స్విచ్ ఆపండి, ఒక రోజు ఆగండి. గీజర్‌కు వచ్చే నీళ్ళు కట్టేయండి, వేడి కుళాయి తెరిచి ఉంచండి, సేఫ్టీ వాల్వు పిడి ఎత్తి నీళ్ళు వదలండి. పిడి లేని వాల్వయితే ప్లంబర్‌ను పిలిచి కింది పైపు విప్పించండి, పనిలో పనిగా కడ్డీ చూపించమనండి. తిరిగొచ్చాక మాత్రం ఆత్రపడి స్విచ్ వేయొద్దు. వేడి కుళాయిలోంచి గాలి పోయి నీళ్ళు నిండుగా వచ్చాకే వేయాలి. ఖాళీ ట్యాంకులో ఎలిమెంట్ చూస్తుండగానే మాడిపోతుంది. మా వాడికి రెండో ఏప్రిల్‌లో చెప్పిన మొదటి మాట ఇదే.

చెల్లెలు దీపావళి తర్వాత మళ్ళీ మిన్నెసోటా పోతోంది, మనవణ్ణి చూసుకోవడానికి. బీగం చెవులు మళ్ళీ నాకే. ఆమె వెళ్ళాక వచ్చే ఆదివారం రాత్రి ఏడున్నరకు చంద్రగిరిలో ఉంటాను, స్పానర్, బకెట్, నూనె సీసాతో. ఈసారి వీడియో కాల్లో వాడు చూస్తాడట, నేను చేస్తానట. తప్పు చేస్తే అరుస్తానన్నాడు వెధవ.