టొరెంట్ ఆగితే తప్పు సాఫ్ట్‌వేర్‌దేనా?

ఒకే సర్వర్ నుంచి కాకుండా, ఫైలు ఉన్న ఇతరుల కంప్యూటర్ల నుంచి ముక్కలుగా దించుకునే టొరెంట్ సాఫ్ట్‌వేర్ మొరాయించగానే చాలామంది దాన్ని తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. అప్పటికీ కదలకపోతే ఇంకొకటి వేస్తారు. యూటొరెంట్ నుంచి క్యూబిట్‌టొరెంట్‌కి, అక్కడినుంచి మరోదానికి. పేర్లు ఏవైనా ఇవన్నీ నడిచేది ఒకే పద్ధతి మీద, 2001లో బ్రామ్ కోహెన్ తెచ్చిన బిట్‌టొరెంట్ మీద. యూటొరెంట్‌ను వదలడానికి వేరే మంచి కారణాలున్నాయి. ప్రకటనల గోల సరే, 2015లో దాంతోపాటు క్రిప్టో మైనింగ్ ప్రోగ్రాము కూడా వచ్చి కూర్చుందని పెద్ద గొడవే అయింది. స్పీడు మాత్రం ఆ కారణాల్లో ఒకటి కాదు. ఇంట్లో ఫైల్ షేరింగ్ మొండికేసినప్పుడు అసలు తప్పు చాలాసార్లు కంప్యూటర్ బయట ఉంటుంది. బయట ఏం జరుగుతోందో తెలిసిన ఇంటర్నెట్ కంపెనీ మనకి చెప్పదు.

దీనికి గట్టి ఉదాహరణ అమెరికాలో ఉంది. ఆరెగన్ రాష్ట్రంలో ఉండే రాబ్ టొపోల్‌స్కీకి బార్బర్‌షాప్ పాటలంటే పిచ్చి. వాయిద్యాలు లేకుండా నలుగురు గొంతు కలిపి పాడే పాత బాణీ అది. ఆ పాత రికార్డింగులను ఆయన ఇంటి కంప్యూటర్ నుంచి పంచుకునేవాడు. 2007లో ఒక వింత గమనించాడు. ఫైళ్లు తనకి వస్తున్నాయి, తన దగ్గరినుంచి మాత్రం ఎవరికీ వెళ్లడం లేదు. ఆయన వృత్తి సాఫ్ట్‌వేర్ పరీక్షలు కాబట్టి సెట్టింగులు మారుస్తూ కూర్చోలేదు. కంప్యూటర్‌లోకి వస్తున్న, పోతున్న ప్యాకెట్లను, అంటే డేటా ప్రయాణించే చిన్న ముక్కలను, ఒక్కొక్కటిగా చూశాడు.

అవతలి కంప్యూటర్ నుంచి 'ఇక ఆపేద్దాం' అనే రీసెట్ ప్యాకెట్ వస్తోంది. నిజానికి అవతలి కంప్యూటర్ దాన్ని పంపలేదు. అటువైపూ ఇదే కథ, ఈయన ఆపేసినట్టు వాళ్లకి అందుతోంది. పెళ్లి సంబంధంలో మధ్యవర్తి రెండిళ్లకీ వెళ్లి 'అవతలివాళ్లకి ఇష్టం లేదట' అని చెప్పొచ్చినట్టు, నడుమనున్న ఇంటర్నెట్ కంపెనీ కామ్‌కాస్ట్ ఇద్దరి పేరుతోనూ దొంగ ప్యాకెట్లు పుట్టిస్తోంది. ఆయన ఈ సంగతి బయటపెట్టాక, అక్టోబరులో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ సొంతంగా పరీక్ష చేసింది. పంచుకోవడానికి ఎంచుకున్న ఫైలు బైబిల్! పైరసీ అనే వంక ఎవరికీ దొరక్కుండా. అప్పుడూ కనెక్షన్లు తెగాయి. అడ్డుకోవడం కాదు, ఆలస్యం చేస్తున్నాం అంతే అని కంపెనీ వాదించింది. 2008 ఆగస్టులో అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ అది తప్పేనని తేల్చింది. ఆ ఉత్తర్వును 2010 ఏప్రిల్‌లో అప్పీల్ కోర్టు కొట్టేసింది, ఎఫ్‌సీసీకి ఆ అధికారం లేదని. అప్పటికే కంపెనీ తన పద్ధతి మార్చుకుంది.

ఆయన తన సాఫ్ట్‌వేర్‌ని నిందించి ఊరుకుని ఉంటే? అప్పటికి ఎంతమంది ప్రోగ్రాములు మార్చి, రౌటర్లు మార్చి విసిగిపోయారో.

మన ఇళ్లలో ఇంత కుట్రేమీ లేదు. మన అడ్డంకి చాలా మామూలుది, అందుకే దాని మీద ఎవరూ గొడవ చేయరు. ఆసియా పసిఫిక్ ప్రాంతానికి ఇంటర్నెట్‌లో ప్రతి కనెక్షన్‌కీ ఉండే పాత తరహా ఐపీ చిరునామాలు (ఐపీవీ4) 2011 ఏప్రిల్‌లోనే అడుగంటాయి. దాంతో కంపెనీలు ఒకే పబ్లిక్ చిరునామాను ఎందరో కస్టమర్లకు కలిపి వాడుతున్నాయి. దీన్నే సీజీన్యాట్ అంటారు. మన కంప్యూటర్ బయటికి వెళ్లి ఎవరినైనా పలకరించగలదు. బయటివాళ్లు ముందుగా మనల్ని పలకరించబోతే ఆ పిలుపు ఏ ఇంటికి చేరాలో కంపెనీ యంత్రానికి తెలియదు, అక్కడే పడిపోతుంది. యూట్యూబ్‌కి, వాట్సాప్‌కి ఇది పట్టదు. ఇద్దరు సమానంగా ఇచ్చిపుచ్చుకోవడం మీద నడిచే టొరెంట్‌కి మాత్రం దెబ్బ.

ఆ దెబ్బ కూడా అన్నిచోట్లా తెలియదు. ఉబుంటు అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లాంటి ఫైలైతే పంచేవాళ్లు బోలెడంతమంది, వాళ్లలో నేరుగా అందేవాళ్లూ ఎక్కువే, కాబట్టి జోరుగా దిగుతుంది. ఒకరిద్దరే పంచుతున్న అరుదైన ఫైలు అయితే, వాళ్లూ మనలాగే సీజీన్యాట్ వెనక ఉంటే, రెండువైపులా సాఫ్ట్‌వేర్ బాగానే ఉండి కూడా కలుసుకోవడం కష్టం. గంటల తరబడి సున్నా. అందుకే నేను ఎవరికైనా మొదట చెప్పేది, ఒకసారి ఉబుంటు ఇన్‌స్టాల్ ఫైలు (ఐఎస్‌ఓ) దించి చూడమని. అది పరిగెత్తిందంటే ప్రోగ్రాము మీద అనుమానం మానేయొచ్చు. తర్వాత రౌటర్ పేజీ తెరిచి, అందులో కనిపించే వ్యాన్ ఐపీని (కంపెనీ రౌటర్‌కి ఇచ్చిన చిరునామాని), 'నా ఐపీ ఏంటి' అని చూపించే ఏదైనా సైట్‌లోని నంబరుతో పోల్చాలి. రెండూ వేరై, రౌటర్‌లోది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే అది సీజీన్యాటే. ఇక బయటి పిలుపుని మన కంప్యూటర్‌కి మళ్లించే పోర్ట్ ఫార్వర్డింగ్ రౌటర్‌లో ఎంత చేసినా దండగ. తాళం మన దగ్గర లేదు.

ఇంట్లో తప్పులే ఉండవని కాదు. విండోస్ ఫైర్‌వాల్ మొదటిసారి అనుమతి అడిగినప్పుడు విసుగ్గా క్యాన్సిల్ కొడితే, అది ఆ ప్రోగ్రాముని అడ్డుకునే రూల్ రాసేసుకుంటుంది, మళ్లీ అడగదు. ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉన్న పెన్‌డ్రైవ్‌లోకి దించుతుంటే 4 జీబీ దాటిన ఫైలు ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. 100 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకుని సెకనుకి 12 ఎంబీయే వస్తోందని కంగారుపడేవాళ్లకి అసలు సమస్యే లేదు, బిట్లకి బైట్లకి తేడా అంతే, 8 బిట్లు కలిస్తే ఒక బైటు. అప్‌లోడ్‌కి హద్దు పెట్టకపోతే లైను నిండిపోయి డౌన్‌లోడ్ కూడా నీరసిస్తుంది.

వెతికితే దొరికే సలహాల్లో మాత్రం సగం పురావస్తువులు. 2004లో విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2 ఒకేసారి 10కి మించి అసంపూర్తి కనెక్షన్లు ఉండకుండా హద్దు పెట్టింది. దాన్ని తప్పించుకోవడానికి సిస్టమ్ ఫైలునే మార్చే ప్యాచ్‌లు వచ్చాయి. ఆ హద్దు ఎప్పుడో పోయింది, సలహా పోలేదు. ఇప్పటి కంప్యూటర్‌లో ఎవరైనా అది ప్రయత్నిస్తే స్పీడు రాదు సరికదా, వైరస్ రావచ్చు.

టొరెంట్ అంటేనే పైరసీ, దానికోసం ఇంత బాధ దేనికని అడిగేవాళ్లుంటారు. కొత్త సినిమా దొంగ కాపీ కోసం వెతికేవాళ్ల మీద నాకూ సానుభూతి లేదు. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టంలో సినిమాను దొంగతనంగా రికార్డు చేసేవాళ్లకి 3 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు ఉంది, ఉండాలి కూడా. సీజీన్యాట్ దొంగల్ని వెతికి పట్టుకునే ఏర్పాటు కాదు కదా. ఇంటి సీసీ కెమెరాను ఊరినుంచి నేరుగా చూడాలనుకునేవాళ్లకి, ఇంట్లో సొంత బ్యాకప్ పెట్టుకున్నవాళ్లకి, స్నేహితులతో గేమ్ హోస్ట్ చేసే పిల్లలకి కూడా అదే గోడ.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే రౌటర్ ఆపి ఆన్ చేయమంటారు. ఇంకాస్త గట్టిగా అడిగితే డబ్బు కట్టి స్టాటిక్ ఐపీ (మనకే సొంతమైన, మారని చిరునామా) తీసుకోమంటారు. 2018లో టెలికాం శాఖ ఆమోదించిన నెట్ న్యూట్రాలిటీ నియమాలు ఒక రకం కంటెంట్ మీద వివక్ష చూపొద్దంటాయి. సీజీన్యాట్ ఫలానాదాని మీద వివక్ష చూపదు, లోపలికొచ్చే పిలుపులన్నిటినీ సమానంగా ఆపేస్తుంది. కాబట్టి ఆ నియమాలకి ఇది చిక్కదు.

అసలు మందు కొత్త తరహా చిరునామాల పద్ధతి, ఐపీవీ6. అందులో చిరునామాలకి కరువు లేదు, ప్రతి పరికరానికీ సొంతది దొరుకుతుంది. మన దేశంలో దాని వాడకం బాగా పెరిగింది, ముఖ్యంగా మొబైల్ నెట్‌వర్కుల్లో. ఇంటి ఫైబర్‌లో ఉన్నా, చాలా రౌటర్లు బయటినుంచి వచ్చేవాటిని ముందే మూసి ఉంచుతాయి. అది భద్రతకి మంచిదే. కావాలనుకున్నవాళ్లు ఒక పోర్టు తెరుచుకునే వీలు రౌటర్ పేజీలో ఉండాలి, కంపెనీ ఇచ్చే రౌటర్లలో ఆ పేజీకి తాళం వేసి పెట్టకూడదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చేయగలిగిన చిన్న పని ఇంకొకటి ఉంది. స్పీడు, ధర రాసే చోటే 'పబ్లిక్ ఐపీ ఉందా, ఐపీవీ6 ఉందా, అప్‌లోడ్ స్పీడు ఎంత' అనే మూడు వివరాలు కూడా కనెక్షన్ తీసుకోకముందే కనిపించేలా ప్రతి బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ చేత రాయించడం.