వాకిట్లో థింసా, వేదిక మీద మనమే

విశాఖలో ఏ పెద్ద సభ జరిగినా వాకిట్లో గిరిజనుల థింసా నృత్యం ఉంటుంది. బీచ్ రోడ్డులో ఉత్సవమైనా, మంత్రిగారి రాకైనా, అరకు నుంచో పాడేరు నుంచో వచ్చిన ఆడవాళ్ళు ఒకరి నడుం ఒకరు పట్టుకుని ఎండలో అడుగులు వేస్తుంటారు. పక్కనే గుండెకు కట్టుకున్న తప్పెట్లు వాయిస్తూ ఆడే తప్పెటగుళ్ళ బృందం. అతిథి కారు దిగి దండం పెట్టి లోపలికి వెళ్ళగానే వాళ్ళ పని అయిపోతుంది. ఆ తర్వాత హాల్లో మొదలయ్యే నాటకంలో వాళ్ళుండరు, వాళ్ళ ఊరుండదు. వాళ్ళ మాట ఉంటే నవ్వించడానికే ఉంటుంది. పెళ్ళిలో మేళగాళ్ళకు ఆఖరి బంతిలో ఆకు వేసే పద్ధతి ఇది.

2022లో జిల్లాలు విడిపోయాక అరకు, పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళిపోయాయి. పాలన వేరైనా, స్వాగతానికి మాత్రం విశాఖ వాళ్ళనే పిలుచుకుంటోంది. అలాంటప్పుడు వాళ్ళకు ఒక పూర్తి సాయంత్రం ఇవ్వాల్సిన బాధ్యత కూడా ఈ నగరానిదే అంటాను.

ఈ ప్రాంతపు నాటకానికి ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శించిన కన్యాశుల్కంలో అందరికన్నా తెలివైన మనిషి మధురవాణి. సంఘం వెలివేసిన వృత్తిలో ఉన్న ఆ మనిషే చివరికి మగవేషంలో విశాఖపట్నం వచ్చి, పెద్ద వకీలు సౌజన్యారావు పంతులు ఎదుట నిలబడి కథను మలుపు తిప్పుతుంది. కోర్టుల్లో తాను చూసిన పేదల మాటను కథల్లోకి, నాటకాల్లోకి తెచ్చిన రాచకొండ విశ్వనాథశాస్త్రిదీ ఈ ఊరే. షిప్‌యార్డులో ఉద్యోగం చేస్తూ ఉత్తరాంధ్ర జానపద బాణీలను జనం మధ్యకు తీసుకెళ్ళిన వంగపండు ప్రసాదరావును 2020లో పోగొట్టుకున్నాం. ఇక్కడ గట్టి పని జరిగిన ప్రతిసారీ, అంతవరకు గుమ్మం బయట ఉన్న గొంతు ఒకటి లోపలికి వచ్చింది.

ఆ గొంతును ఇప్పుడు ఆపుతున్నదేమిటి? నా దృష్టిలో మొదటిది వాచికం, అంటే నటుడు మాట పలికే తీరు. నాటక పరిషత్తు పోటీల్లో వాచికమంటే స్పష్టమైన ఉచ్చారణ, పుస్తకపు తెలుగు, మహా అయితే కోస్తా మధ్యతరగతి మాట. జాలరిపేట నుంచి వచ్చిన కుర్రాడు 'ఏటి సెప్తన్నావు?' అంటే అది పనివాడి పాత్రకో, తాగుబోతు పాత్రకో పనికొస్తుంది. అదే యాసలో ఒక తండ్రి కూతురి చావు గురించి మాట్లాడితే హాల్లో నవ్వు వినిపిస్తుంది. ఆ నవ్వుకు నాకు కోపం వస్తుంది. తప్పు ఆ కుర్రాడిది కాదు. దశాబ్దాలుగా ఆ యాసకు హాస్యపాత్ర తప్ప మరొకటి ఇవ్వని రచయితలది, దర్శకులది. అలా రాసి రాసి ప్రేక్షకుడి చెవికి అదే అలవాటు చేశాం.

ఆడవాళ్ళ సంగతికొస్తే, నాటికలు రాసేవాళ్ళకు నాటక సమాజాల నుంచి తరచూ అందే సూచన ఒకటుంది: 'స్త్రీ పాత్రలు తగ్గించండి.' నటీమణులు తక్కువ, పారితోషికం భారం అని కారణం చెబుతారు. మగ నటుల్లో ఎక్కువమంది ఉద్యోగాలు చేసుకుంటూ, సొంత డబ్బు పెట్టుకుని, ఇష్టం కొద్దీ వేషం వేస్తారు. నటికి అదే జీవనాధారం. ఒకే పరిషత్తులో రెండు మూడు సమాజాలకు వేసి, రాత్రి బస్సెక్కి ఇంకో ఊరి పోటీకి వెళుతుంది. ఇంత పనిచేసే మనిషిని 'డబ్బుకు వేసే ఆమె' అని తక్కువ చేసి మాట్లాడటం గ్రీన్‌రూముల్లో ఇంకా పోలేదు. విశాఖ అమ్మాయిలు ఎందుకు రారని అడిగేవాళ్ళు, రిహార్సల్ ముగిసే వేళకు మధురవాడకో గాజువాకకో ఇల్లు చేరడం ఎలాగో కూడా ఆలోచించాలి.

ట్రాన్స్‌జెండర్ల విషయంలో ఇంకా వెనకబడ్డాం. వాళ్ళ పాత్రంటే చీర కట్టిన మగనటుడి వెకిలి చేష్టలే. సుప్రీంకోర్టు 2014లోనే వాళ్ళ గుర్తింపును హక్కుగా ప్రకటించింది. పక్కనున్న కర్ణాటక 2019లో ట్రాన్స్‌జెండర్ అయిన జోగతి నృత్య కళాకారిణి మంజమ్మను ఏకంగా జానపద అకాడమీ అధ్యక్షురాలిని చేసింది. 2021లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. ఆమెను కేవలం సన్మానించి పంపలేదు, నిర్ణయాలు తీసుకునే కుర్చీలో కూర్చోబెట్టారు.

'కళకు ప్రతిభే కొలమానం, కులమూ లింగమూ ఎందుకు?' అనే మాట సభల్లో వింటుంటాం. అనేవాళ్ళలో మంచి మనసున్నవాళ్ళూ ఉన్నారు. కానీ ప్రతిభ పదునెక్కాలంటే నెల రోజులు రిహార్సల్ చేసుకునే గది కావాలి, హాలు అద్దె కావాలి, లైట్లూ మైకులూ కావాలి. కూలి మానుకుని వచ్చినవాడికి ఆ పూట గడవాలి. చక్రాల కుర్చీలో వచ్చే నటుడికైతే ర్యాంపు ప్రేక్షకుల సీట్ల దాకా కాదు, వేదిక మీదికి ఉండాలి. ఇవేవీ లేనివాణ్ణి అన్నీ ఉన్నవాడి పక్కన నిలబెట్టి తూచడం న్యాయం కాదు.

ప్రత్యేక విభాగాలు, ప్రత్యేక జ్ఞాపికలు పెట్టమని నేను అడగను. అవి మళ్ళీ వాకిట్లోనే నిలబెడతాయి. నగరపాలక సంస్థ సామాజిక భవనాలను సాయంత్రాలు రిహార్సల్స్‌కు ఉచితంగా ఇవ్వచ్చు. గురజాడ కళాక్షేత్రంలో, కళాభారతిలో నెలకో తేదీ, అద్దె లేకుండా, ఉత్తరాంధ్ర జానపద కళలైన జముకుల కథకో తూర్పు భాగవతానికో జాలరిపేట యువకుల నాటికకో ముందే కేటాయించవచ్చు. పది నిమిషాల ముక్క కాకుండా మొత్తం ప్రదర్శన, పూర్తి పారితోషికంతో. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల విభాగం ఉంది. అక్కడి విద్యార్థులు తప్పెటగుళ్ళ గురువు దగ్గర ఒక సెమిస్టరు నేర్చుకుంటే, ఆయనకు అధ్యాపకుడికిచ్చే గౌరవ వేతనమే ఇవ్వాలి.

పరిషత్తు నిర్వాహకులు చేయగలిగిన పని ఇంకా సులువు, దానికి నిధులు కూడా అక్కర్లేదు. వచ్చే పోటీలకు న్యాయనిర్ణేతల పేర్లు రాసుకునేటప్పుడు, అందులో ఒక పేరు ఉత్తరాంధ్ర యాసలో పుట్టి, ఆ యాసలోనే జీవితమంతా ప్రదర్శనలిచ్చిన కళాకారుడిదో కళాకారిణిదో రాయండి. వాచికం మార్కులు ఈసారి వాళ్ళను వేయనివ్వండి.