తెమడ పరీక్ష ఒక్కటే చాలదు
చర్మానికి వచ్చే టీబీని తామర అనుకుని నెలల కొద్దీ పూతమందులు రాస్తుంటారని టీబీ మీద వచ్చిన ఒక వ్యాసంలో అన్నది నిజం. మాది దేవరకొండ దగ్గర పల్లె. మా చిన్నమ్మ చెంప మీద ఎర్రమచ్చ రెండేండ్లు మెల్లగా పాకింది. నొప్పి లేదు, దురద లేదు, ఎవరూ పట్టించుకోలే. ఆర్‌ఎంపీ ఇచ్చిన ట్యూబులు ఎన్నో అయిపోయినయి. తెమడలో ఏం రాలేదని ఒక డాక్టరు టీబీ కాదనేసిండు. ఊపిరితిత్తుల్లో లేకుంటే తెమడలో ఎట్ల దొరుకుతది? చివరికి నల్లగొండలో చర్మం ముక్క తీసి బయాప్సీకి పంపితే బయటపడ్డది. మందులు సర్కారు దవాఖానలో ఉచితమే: 2 నెలలు నాలుగు రకాలు, తర్వాత 4 నెలలు మూడు. వాటిల్ల రిఫాంపిసిన్ అనే మందుతో మూత్రం ఎర్రగా వస్తదని ముందే చెప్పాల్సింది, రక్తమేమోనని భయపడి ఆమె మూడు రోజులు గోలీలు మానేసింది. ఇప్పుడు మచ్చ మానింది, గుంట మాత్రం మిగిలింది.